రాముడు కూర్చుంటే వైరాగ్యం, మా వాడు కూర్చుంటే?

మా కాలనీ రామాలయంలో శనివారం సాయంత్రం ఆరింటికి యోగవాసిష్ఠం చెబుతుంటాను. సంస్కృతం లెక్చరర్‌గా రిటైరయ్యాక పెట్టుకున్న పని. ముప్పై మంది దాకా వస్తారు, వాన పడితే పది మంది. వైరాగ్య ప్రకరణంలో రాముడి దిగులు ఘట్టం చెప్పిన రోజున, హారతి అయిపోయి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఒకావిడ వెనక ఆగిపోయింది. ప్రసాదం దొన్నె చేతిలో అలాగే ఉంది.

"మాస్టారూ, రాముడు తిండి మానేసి ఎవరితోనూ పలక్కుండా కూర్చుంటే వైరాగ్యం అన్నారు. మా వాడు బీటెక్ అయ్యి మూడేళ్ళు. వాడూ అలాగే కూర్చుంటున్నాడు. వాడిది ఏమిటండీ?"

నేను ఆలోచించకుండానే జవాబు చెప్పేశాను. రాముడు రాముడమ్మా, మన పిల్లలది తమోగుణం అన్నాను. గీత పద్నాలుగో అధ్యాయంలో తమస్సు మనిషిని దేనితో కట్టేస్తుందో ఉంది: ఏమరుపాటు, బద్ధకం, నిద్ర. ఆ మూడూ వేళ్ళు మడిచి చెప్పాను. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. దొన్నెలో పులిహోర ముట్టుకోలేదు.

ఇంటికొచ్చేసరికి మా అబ్బాయి బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి మీద చెంప ఆన్చుకుని, కింద రోడ్డు మీద ఇస్త్రీ బండి వాడు బొగ్గులు ఆర్పుకోవడం చూస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. సరిగ్గా గంట క్రితం మైకులో నేను చెప్పిన వర్ణన అదే. తీర్థయాత్రల నుంచి తిరిగొచ్చిన రాముడు, ఇంకా పదహారు నిండని కుర్రవాడు, పద్మాసనం వేసుకుని ఎడమ అరచేతిలో చెంప పెట్టుకుని శూన్యంగా కూర్చుంటున్నాడని పరిచారకులు దశరథుడికి చెబుతారు. బతిమాలితే తప్ప భోజనానికి లేవడంలేదని, నగల వంక చూడడంలేదని, రోజురోజుకీ చిక్కిపోతున్నాడని. ముప్పై ఏళ్ళుగా ఆ శ్లోకాలు నాకు నోటికి వచ్చు. ఆ భంగిమ మా ఇంట్లో ఏడాదిన్నరగా ఉంది. ఒక్కసారి కూడా ఈ రెండూ కలిపి చూసుకోలేదు.

మా వాడు ఉద్యోగంలో చేరి పది నెలలకి మానేశాడు. ఎందుకురా అంటే "ఏమీ లేదు నాన్నా" అన్నాడు. ఆ తర్వాత అమీర్‌పేటలో రెండు కోర్సులు, రెండూ మధ్యలోనే ఆపేశాడు. మెట్రో ఎక్కి మియాపూర్ వెళ్తాడు, అక్కడ ఒక టీ తాగి తిరిగొస్తాడు. అక్కడ ఏం పని అంటే పనేం లేదంటాడు. నేను అనాల్సిన మాటలు, అనకూడని మాటలు అన్నీ అన్నాను. మన భాషలో ఇలాంటి పిల్లల్ని తిట్టడానికి మాటలకి కొదవ లేదు: జులాయి, సోంబేరి, బలాదూరుగా తిరిగేవాడు, పనీపాటా లేనివాడు. అన్నిటికన్నా మెత్తగా కనిపించి లోతుగా కోసే మాట "ఖాళీగా ఉన్నాడు" అన్నది. రోజూ శాంతిమంత్రంలో పూర్ణం, పూర్ణం అని చదివే ఇంట్లో కన్నకొడుకుని ఖాళీ అంటాం. పెళ్ళిలో ఎవరైనా "మీ వాడేం చేస్తున్నాడు?" అంటే ఆ మాటే గొంతు తగ్గించి చెబుతాం. నేనూ చెప్పాను. పక్కన వాడు ఉండగానే చెప్పాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక నేనే వెళ్ళి వాడి గదిలో కూర్చున్నాను. లాప్‌టాప్‌లో ఏదో సినిమా నడుస్తోంది. ఏం చూస్తున్నావురా అన్నాను. తిట్టడానికి వచ్చాననుకున్నాడో ఏమో, ముందు ఆపేశాడు. కాదు, నాకూ చూపించు అంటే మొదటికి తిప్పి పెట్టాడు. ఇంగ్లీషు యాస నాకు పట్టుపడదు కాబట్టి కింద అక్షరాలు వచ్చేలా చేశాడు. సినిమా పేరు స్లాకర్. పని ఎగ్గొట్టేవాడు అని అర్థం. రిచర్డ్ లింక్‌లేటర్ అనే ఆయన అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో 1989లో తీశాడు. 1991లో దేశమంతా విడుదలైంది. ఖర్చు 23 వేల డాలర్లు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు నాలుగు లక్షలు. కథానాయకుడు లేడు, కథ లేదు. ఒక మనిషి వెంట కెమెరా వెళ్తుంది. అతనికి ఎవరో ఎదురవుతారు. కెమెరా అతన్ని వదిలేసి ఆ రెండో మనిషి వెంట పోతుంది. అలా ఒక పగలూ ఒక రాత్రీ, ఊళ్ళో ఏ పనీ లేని దాదాపు వంద మంది. చాలామంది నటులు కారు, ఆ ఊళ్ళో వాళ్ళే.

మొదట్లోనే ఒక కుర్రవాడు బస్సు దిగి టాక్సీ ఎక్కుతాడు. ఆ వేషం దర్శకుడే వేశాడు. టాక్సీలో కూర్చుని డ్రైవర్‌తో ఏకధాటిగా మాట్లాడతాడు. మనం ఎంచుకోకుండా వదిలేసిన ప్రతి దారీ ఎక్కడో ఒక లోకమై విడిగా నడుస్తూ ఉంటుందని, బహుశా తను బస్టాండులోనే ఉండిపోవాల్సిందని. డ్రైవర్ ఒక్క మాట కూడా బదులు పలకడు. నేను మా వాడి చెయ్యి పట్టుకుని ఆపమన్నాను. వాసిష్ఠంలో ఉత్పత్తి ప్రకరణంలో లీలోపాఖ్యానం ఉంది. పద్మ మహారాజు చనిపోయి ఒక గదిలో పడుకుని ఉంటాడు. అదే గదిలో, అదే ఆకాశంలో, ఇంకో లోకంలో అతనే విదూరథుడనే రాజై ఏలుతుంటాడు. సరస్వతి సాయంతో లీల ఆ లోకాల్లోకి వెళ్ళి చూసి వస్తుంది. గతంలో ఈ కథ చెప్పడానికి నాకు నాలుగు శనివారాలు పట్టింది. ఆ టాక్సీ కుర్రవాడు నాలుగు నిమిషాల్లో అదే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈ మాట చెబితే మా వాడు నా ముఖంలోకి చూశాడు. "నాన్నా, ఇది యోగవాసిష్ఠంలో ఉందా?" అన్నాడు. ఏడాదిన్నరలో వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

టాక్సీ దిగగానే రోడ్డు మీద ఒకావిడ కారు గుద్ది పడి ఉంటుంది. జనం వస్తారు, చూస్తారు, కెమెరా ముందుకి వెళ్ళిపోతుంది. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. శవం ఎదురైతే రాకుమారుడు సిద్ధార్థుడు రథం తిప్పించాడు. ఈ సినిమాలో ఎవరూ ఏమీ తిప్పరు. మా వాడితో అదే అన్నాను. "మనం ఆగుతామా నాన్నా? బండి స్లో చేసి చూసి వెళ్ళిపోతాం" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ సినిమాలో నేను మరిచిపోలేనిది వేరే ఉంది. ఒక ముసలాయన కూతురితో కలిసి ఇంటికొచ్చేసరికి లోపల దొంగ ఉంటాడు. కుర్రవాడు, చేతిలో తుపాకీ. ముసలాయన అరవడు, పోలీసుల్ని పిలవడు. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. తర్వాత ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వీధుల్లో షికారు వెళ్తూ తను నమ్మినవీ, తను కలగన్నవీ చెబుతాడు. దొంగ వింటూ నడుస్తుంటాడు. ఆ వేషం వేసినాయన లూయిస్ మాకీ అనీ, ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో నిజంగానే తత్వశాస్త్రం పాఠం చెప్పిన ప్రొఫెసర్ అనీ మా వాడు చెప్పాడు. నేను కూడా పాఠం చెప్పి బతికినవాణ్ణే. నా ఇంట్లో ఉన్నది దొంగ కాదు, తుపాకీ లేదు, నా రక్తం. వాడితో ఒక్కరోజు కూడా అలా నడవలేదు.

వాసిష్ఠం మళ్ళీ తెరిచాను. ఈసారి శ్లోకాల కోసం కాదు, సభలో ఎవరు ఎప్పుడు మాట్లాడారో చూడటానికి. దశరథుడు బెంగపడ్డాడు, ఏ తండ్రైనా పడతాడు. విశ్వామిత్రుడు మాత్రం పిల్లవాణ్ణి పిలిపించండి, వచ్చినది రోగం కాదు అన్నాడు. రాముడు వచ్చి కూర్చున్నాక ఏమైంది నాయనా అని అడిగారు. ఇక అక్కడి నుంచి వైరాగ్య ప్రకరణం చాలా భాగం రాముడి మాటలే. సంపద గురించి, అహంకారం గురించి, మనసు, ఆశ, దేహం, బాల్యం, యౌవనం, ముసలితనం, కాలం. సర్గ తర్వాత సర్గ, ఒక కుర్రవాడు సభలో పెద్దలందరి ముందూ దేనిలోనూ రుచి లేదని చెబుతుంటే మహర్షులు నోరు మెదపకుండా విన్నారు. వసిష్ఠుడంతటివాడు విన్నాడు. మిగతా ఐదు ప్రకరణాల బోధ ఆ వినడం అయ్యాకే మొదలైంది. గీతలో మొదటి అధ్యాయం పేరు కూడా అర్జున విషాద యోగం. విషాదాన్ని మన పెద్దలు యోగం అన్నారు.

అలా వినడం నాకు స్లాకర్ లాంటి చవక సినిమాల్లో కనిపించింది. చవక అన్న మాట గౌరవంగానే అంటున్నాను. కోట్లు పెట్టి తీసే సినిమాలో కుర్రవాడికి లక్ష్యం ఉండి తీరాలి. ఇంటర్వెల్ లోపల పగ అయినా పుట్టాలి, ప్రేమ అయినా పుట్టాలి, లేకపోతే అంత డబ్బు తిరిగి రాదు. ఎవరికీ అంతగా బాకీ పడకుండా తీసిన సినిమా అయితే ఏ పనీ లేని మనిషిని కూడా ఓపిగ్గా చూడగలదు, "తర్వాత ఏం చేస్తావు?" అని తొందరపెట్టదు. అయినా ఆ చూడటం వెనక ఎంత పని ఉందో నా చెవిన వేసినవాడు మా అబ్బాయే. లింక్‌లేటర్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం మధ్య చమురు తవ్వే వేదిక మీద కూలి చేసి, ఆ డబ్బుతో కెమెరా కొన్నాడు. మన నగేష్ కుకునూర్ కూడా అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి దాచుకున్న డబ్బుతో, 17 లక్షల్లో హైదరాబాద్ బ్లూస్ తీశాడు, 1998లో. సోమరితనం గురించి సినిమా తీసినవాడు సోమరి కాడన్నమాట.

వసిష్ఠుడి మొదటి పాఠం కూడా ఇదే. వైరాగ్యంతో కుంగిపోయిన కుర్రవాడికి ఆయన ముందుగా చెప్పింది బ్రహ్మం గురించి కాదు, పురుష ప్రయత్నం గురించి. ముముక్షు వ్యవహార ప్రకరణం నిండా అదే. దైవం దైవం అని దాని మీదకు తోసేవాళ్ళని ఆయన ఎక్కడా ఉపేక్షించలేదు. నిన్న చేసిన ప్రయత్నమే ఇవాళ దైవమన్న పేరుతో కనిపిస్తుంది అంటాడు. కనుక నేను మా వాడిని కూర్చోమనే చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు. రాముడు చివరికి వైరాగ్యంతో అడవికి పోలేదు, మఠం పెట్టలేదు, లేచి రాజ్యం పనులు చూసుకున్నాడు. అయితే లే అని చెప్పడానికీ, ముందు విని తర్వాత లే అని చెప్పడానికీ మధ్య ఒక ప్రకరణం అంత దూరం ఉంది. నేను ఆ ప్రకరణం ఎగరగొట్టి మాట్లాడాను.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. వైరాగ్యం అన్న మాటని అందరికీ పంచిపెట్టకూడదు. సత్యజిత్ రాయ్ 1970లో తీసిన ప్రతిద్వంది చూడండి. తండ్రి పోయి, వైద్యవిద్య మధ్యలో మానేసి, కలకత్తా వీధుల్లో ఉద్యోగం కోసం తిరిగే కుర్రవాడి పేరు సిద్ధార్థ. ఇంటర్వ్యూలో ఈ పదేళ్ళలో అతి ముఖ్యమైన సంఘటన ఏదని అడుగుతారు. చంద్రుడి మీద మనిషి దిగడం అని చెబుతాడనుకుంటారు. అతను వియత్నాం యుద్ధం అంటాడు, అక్కడి సామాన్యులు చూపించిన ధైర్యం అంటాడు. నువ్వు కమ్యూనిస్టువా అని అడుగుతారు. ఉద్యోగం రాదు. మరో ఇంటర్వ్యూలో ఉక్కపోసే వరండాలో గంటల తరబడి నిలబెడతారు, ఒకడు సొమ్మసిల్లి పడిపోతాడు. సిద్ధార్థ లోపలికి దూసుకుపోయి బల్ల తిరగేస్తాడు. మన ఆకలి రాజ్యంలో రంగా కూడా అంతే, 1981. ఢిల్లీ వీధుల్లో శ్రీశ్రీ కవిత్వం తప్ప ఏమీ లేని తెలుగు కుర్రవాడు, చివరికి క్షౌరవృత్తిలో నిలదొక్కుకుంటాడు. వీళ్ళది వైరాగ్యమూ కాదు, తమస్సూ కాదు. వీళ్ళకి పని ఇవ్వనిది లోకం. ఆకలితో తిరిగేవాడికి వేదాంతం చెప్పడం పాపం అని నేను నమ్ముతాను. రాముడికి భోజనం ఎదురుగా ఉంది, తినబుద్ధి కాలేదు. భోజనమే లేనివాణ్ణి రాముడితో పోల్చి సమాధానపడితే ఆ పోలిక రాముడికీ అవమానమే.

ప్రతిద్వంది ముగింపు మాత్రం చెప్పాలి. చిన్నప్పుడు విన్న ఒక పక్షి కూత అతన్ని సినిమా అంతా వెంటాడుతుంది. ఆఖరికి ఊరు విడిచి, బాలూర్‌ఘాట్‌లో మందుల కంపెనీ ప్రతినిధిగా చేరి, లాడ్జి గదిలో ఉండగా ఆ కూత వినిపిస్తుంది. బయటికొస్తే కింద శవయాత్ర పోతోంది. రామనామం సత్యం అని పాడుకుంటూ పోతున్నారు. సిద్ధార్థ అనే పేరున్నవాడి చెవిలో పక్షి కూతా రాముడి పేరూ ఒకేసారి పడతాయి. ఇది మా వాడితో కలిసి రెండోసారి చూసినప్పుడు మా ఇద్దరికీ చాలాసేపు మాట రాలేదు.

ఆ వరసలోనే మా వాడు తరుణ్ భాస్కర్ తీసిన ఈ నగరానికి ఏమైంది కూడా చూపించాడు, 2018లో వచ్చింది. థియేటర్లో సినిమాకి ముందు వేసిన పొగతాగొద్దనే ప్రకటనలోని మాటనే పేరుగా పెట్టారు. నలుగురు స్నేహితులు తాగిన మైకంలో గోవా చేరి షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటారు. మా వాడు నవ్వాడు, నేను అంతగా నవ్వలేకపోయాను. ఆ తాగుడు నాకు తమస్సుగానే కనిపించింది. కానీ వివేక్ అనే కుర్రవాడి కోపం కింద ఉన్న దెబ్బ తెలిసింది. నలుగురూ కలిసి ఒక చిన్న సినిమా తీస్తున్నంతసేపు వాళ్ళ ముఖాలు మారిపోవడం తెలిసింది. స్నేహితులు వినడం కూడా వినడమే.

మరి తేడా ఎలా తెలుస్తుంది? కూర్చున్నవాడిలో తమస్సు ఉందా, వైరాగ్యం ఉందా? ఆవిడ అడిగింది అదే, నేను తప్పించుకున్నదీ అదే. నాకు తోచింది చెబుతాను. తమస్సుకి చూపు ఉండదు. తన పక్కన ఎవరున్నారో దానికి అక్కర్లేదు. రాముడి ప్రసంగంలో యౌవనం ఎలా మోసం చేస్తుందో, ముసలితనం ఒంటి మీదకి ఎలా వస్తుందో ఎంత నిశితంగా ఉంటుందంటే, చాలా కాలం అన్నీ గమనిస్తూ కూర్చున్నవాడే అలా చెప్పగలడు. పోయిన నెల ఒక రోజు మా వాడు "నాన్నా, నీకు ఎడమ కన్ను సరిగ్గా కనపడటంలేదు కదా?" అన్నాడు. ఎలా తెలుసురా అన్నాను. "పుస్తకం కుడివైపుకి తిప్పి పట్టుకుంటున్నావు, రెండు నెలలుగా" అన్నాడు. డాక్టరు శుక్లం ముదిరిందన్నారు. ముప్పై మంది శ్రోతలు వారం వారం ఎదురుగా కూర్చుని నన్ను చూస్తున్నారు. మా ఆవిడ రోజూ చూస్తోంది. కనిపెట్టింది మాత్రం ఖాళీగా ఉన్నాడని నేను పదిమందికి చెప్పిన పిల్లవాడు.

వాడిలో తమస్సు లేదని అనను. రాత్రి మూడింటి దాకా ఫోన్ చూస్తాడు, మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తాడు, అమ్మ పిలిస్తే వినపడనట్టు ఉంటాడు. ఆ గంటలు తమస్సే, వాడికే చెప్పాను. బాల్కనీలో కూర్చున్న గంట అది కాదు. ఒకే మనిషిలో ఒకే రోజున రెండూ ఉంటాయి, బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. శుకమహర్షిని జనకుడు వాకిట్లో ఏడు రోజులు, లోపలి ముంగిట ఏడు రోజులు, అంతఃపురంలో ఏడు రోజులు ఊరికే ఉంచాడని వాసిష్ఠంలోనే ఉంది. ఆ మొదటి ఏడు రోజులూ దారిన పోయేవాడు చూస్తే పనిలేక వాకిట్లో పడి ఉన్న కుర్రవాడే కనిపించి ఉంటాడు.

పోయిన శనివారం ఆవిడ రాలేదు. అంతకు ముందు వారం కూడా రాలేదు. ఫోన్ నంబరు కనుక్కుని నేనే చేశాను. ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా, మీ అబ్బాయిని చూడకుండా, మాట వినకుండా తీర్పు చెప్పాను, క్షమించండి అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాడు రాత్రిళ్ళు డాబా మీద తిరుగుతుంటాడండీ. ఏం ఆలోచిస్తున్నావురా అని నేనూ ఎప్పుడూ అడగలేదు" అంది.

వచ్చే శనివారం ముముక్షు వ్యవహార ప్రకరణం మొదలుపెట్టాలి. పెట్టడం లేదు, వారం ఆగుతాను. ఆ సాయంత్రం మైకు ఉండదు, వ్యాసపీఠం ఉండదు. మీ ఇంట్లో అలా కూర్చున్న పిల్లలుంటే, అబ్బాయైనా అమ్మాయైనా, తీసుకురండి. రాననంటే బలవంతపెట్టకండి. ఆరింటి నుంచి వాళ్ళు మాట్లాడతారు, నేను మీ పక్కనే చాప మీద కూర్చుంటాను.